దువ్వెన పెట్టని తల

మా ఇంటి ముందుగది గాజుల దుకాణం. గాజులతో పాటు రిబ్బన్లు, క్లిప్పులు, సవరాలు, దువ్వెనలు అమ్ముతాం. చెక్క దువ్వెనలు, ప్లాస్టిక్ దువ్వెనలు, పేన్ల దువ్వెనలు, పాపిడి తీసుకునే తోక దువ్వెనలు, పర్సులో పట్టే మడత దువ్వెనలు. కాశిబుగ్గలో సగం మంది ఆడవాళ్లు మా అత్తమ్మ అమ్మిన దువ్వెనతోనే చిక్కు తీసుకుంటారు. అటువంటి ఇంటికి కోడలినై ఉండి, రెండేళ్లుగా నేను తల దువ్వుకోలేదు. దుకాణానికి వచ్చేవాళ్లకు ఇది వింతగా ఉంటుందని నాకు తెలుసు. కొందరు నవ్వుతారు, కొందరు దండం పెడతారు. నవ్వేవాళ్లే నయం.

నా జుట్టు చిన్నప్పటి నుంచీ రింగులు రింగులు. బడికి పోయే ముందు మా అమ్మ నన్ను రెండు మోకాళ్ల మధ్య బిగించి కూర్చోబెట్టి, గిన్నెడు కొబ్బరినూనె పోసి చిక్కు తీస్తుంటే నా ఏడుపు వాడకట్టంతా వినబడేది. క్లాసులో నన్ను నూడుల్స్ అని పిలిచేవాళ్లు. పెళ్లిచూపులకు ముందు, మళ్లీ పెళ్లికి ముందు పార్లరులో కూర్చోబెట్టి వేడి మిషనుతో జుట్టు సాపు చేయించారు. పెళ్లయిన కొత్తలో ఒకసారి వానలో తడిసి ఇంటికొచ్చేసరికి అసలు రంగు బయటపడింది. "చూపిచ్చింది ఒకర్ని, ఇచ్చింది ఒకర్ని" అని మా ఆయన చాలా రోజులు ఏడిపించాడు. నేనూ నవ్వేదాన్ని. అప్పుడు నాకు నవ్వు బాగానే వచ్చేది.

కడుపుతో ఉన్నప్పుడు జుట్టు ఎన్నడూ లేనంత ఒత్తుగా పెరిగింది. రబ్బరు బ్యాండులో పట్టేది కాదు. అత్తమ్మ మాత్రం "ఇప్పుడే మురువకు. బిడ్డ పుట్టినంక మొత్తం ఊడుతది" అనేది. బిడ్డ పుట్టాక ఊడితే ఊడనీ అనుకున్నాను. ఒకదాని కోసం ఒకటి పోవడం న్యాయంగానే అనిపించింది.

ఎనిమిదో నెలలో ఒక రోజు లేచేసరికి కడుపులో సద్దు లేదు. రోజూ నేను పక్క మీద నుంచి లేవకముందే లేచి తన్నే పిల్ల ఆ రోజు తన్నలేదు. టీ తాగాను, అటు తిరిగి ఇటు తిరిగి పడుకుని చూశాను. పదకొండు దాటాక దుకాణంలోకి వచ్చి అత్తమ్మకు చెప్పాను.

"అత్తమ్మా, పొద్దటి సంది బిడ్డ కదులుతలేదు."

"ఎనిమిది పడ్డంక లోపట జాగ ఇరుకైతది. అంతగనం కదలరు. జర చక్కెర నీళ్లు తాగి పండుకో."

"తాగిన. పండుకున్న. అయినా కదులుతలేదు. దవాఖానకు పోదాం అత్తమ్మా."

ఆమె గాజుల డజన్లకు దారం కడుతోంది. తల ఎత్తలేదు. "ఇయ్యాల అమాస. అమాస పూట కడుపుతోని ఉన్నదాన్ని ఎవలన్న గడప దాటిస్తరా? రేపు తెల్లారంగనే పోదాం. ఫికర్ చెయ్యకు."

మా ఆయన డీసీఎం వ్యాను నడుపుతాడు. ఆ రోజు మిర్చి లోడుతో ఎక్కడో దూరాన ఉన్నాడు. ఫోన్ చేస్తే, "అమ్మ ఎట్లంటే అట్ల చెయ్. ముగ్గురిని కన్నది, ఆమెకు తెల్వదా?" అన్నాడు. సాయంత్రం మళ్లీ అడిగాను. ఈసారి ఏడుస్తూ అడిగాను. ఏడిస్తే బిడ్డకు మంచిది కాదంది అత్తమ్మ. మా దుకాణం మెట్ల మీద నిలబడితే ఆటో స్టాండు కనిపిస్తుంది. నువ్వే ఎక్కి పోకపోయావా అని అడిగినవాళ్లున్నారు. వాళ్లు ఎన్నడూ ఒక ఇంటికి కోడలిగా వెళ్లలేదని నాకు అర్థమయ్యేది.

మర్నాడు దవాఖానలో డాక్టరమ్మ నా పొట్ట మీద మిషను పెట్టి, తీసి, ఇంకో చోట పెట్టి, ఇంకో మిషను తెప్పించింది. తర్వాత నా వైపు కాకుండా అత్తమ్మ వైపు చూసి, "నిన్ననే ఎందుకు తీసుకురాలేదు?" అని అడిగింది. ఆ ప్రశ్నకు అత్తమ్మ ఇప్పటికీ జవాబు చెప్పలేదు.

ఆడపిల్ల. నాకు చూపించలేదు. చూస్తే మరిచిపోలేనని అత్తమ్మ వద్దంది. చూడకపోతే మరిచిపోతానా? బట్టలు మార్చడానికి వచ్చిన నర్సమ్మ మాత్రం జాలిపడి, "నెత్తి నిండ ఎంటికలున్నయ్ బిడ్డా. అన్ని రింగులే, నీ లెక్కనే" అని చెప్పి వెళ్లిపోయింది. నా పిల్ల గురించి నాకు తెలిసింది ఇంతే.

ఇంటికొచ్చాక చాలా రోజులు గోడ వైపు తిరిగి పడుకున్నాను. పాలు వచ్చాయి. వాటిని ఆపడానికి కట్టు కట్టారు. స్నానం చేయిస్తే చేసేదాన్ని, పెడితే తినేదాన్ని. తల ఎవరూ ముట్టుకోలేదు, నేనూ ముట్టుకోలేదు. ఒకరోజు అత్తమ్మ నూనె గిన్నె, పెద్దపళ్ల దువ్వెన పట్టుకుని వచ్చి చూస్తే వెనకవైపు జుట్టంతా ముద్దకట్టి ఉంది. దువ్వెన దిగలేదు. రెండు పళ్లు విరిగాయి.

"పార్లరుకు పోయి మెడ దాకా కత్తిరిపిచ్చుకో. ఇదేం అవతారమే?" అంది.

పార్లరుకు పోయాను. అక్కడి అమ్మాయి కత్తెర చేతిలోకి తీసుకోగానే కుర్చీలోంచి లేచి వచ్చేశాను. ఎందుకు లేచానో అప్పుడు నాకూ సరిగ్గా తెలియదు. ఇంటికొచ్చి, ముద్దకట్టిన జుట్టును కత్తిరించకుండా ఏం చేయాలో ఫోనులో వెతికాను. అప్పుడు కనిపించాయి ఆ వీడియోలు. సాధువుల తలల్లా కావాలనే జడలు కట్టించుకునే ఆడవాళ్లు. ఏ దేశం వాళ్లో తెలియదు, వాళ్ల మాట నాకు సగమే అర్థమయ్యేది. చేతులు మాత్రం బాగా అర్థమయ్యేవి. వాళ్లలో ఒకామె చెప్పింది, రాలిన వెంట్రుక కూడా జడలోంచి బయటికి పోదని. ప్రాణం పోయిన వెంట్రుక, ఇంకా పెరుగుతున్న వెంట్రుక ఒకదాన్నొకటి పట్టుకుని అందులోనే ఉండిపోతాయట.

ఫోను పక్కన పడేసి వెక్కి వెక్కి ఏడ్చాను. బాలింతకు జుట్టు రాలుతుంది, అందరికీ తెలిసిందే. రాలినది దువ్వెనలోకి వస్తుంది. దువ్వెనలోంచి ఉండచుట్టి గోడ సందులో పెడతాం. చిక్కువెంట్రుకలకు స్టీలు గిన్నెలిస్తామని అరుచుకుంటూ బండివాడు వస్తే తీసి ఇచ్చేస్తాం. పిల్ల నా కడుపులో ఉన్నన్నాళ్లూ పెరిగిన జుట్టు అది. పిల్లతో పాటు అదే నెత్తురు తాగి పెరిగింది. దాన్ని ఒక గిన్నెకు ఇచ్చేయడం నా వల్ల కాదు. నాకు దేవుడూ కనిపించలేదు, కల కూడా రాలేదు. నా పిల్లది ఇంకేమీ మిగల్లేదు కాబట్టి ఆ జుట్టు ఉంచుకోవాలనిపించింది. జరిగింది అంతే.

వెనకవైపు ముద్దను వేళ్లతో ఓపికగా చీల్చి పాయలు చేశాను. వారం పట్టింది. ముందువైపు తోక దువ్వెన కొసతో పాపిళ్లు తీసి, గళ్లు గళ్లుగా విడదీసి, ఒక్కో పాయను కుదురు నుంచి కొస దాకా మెలిపెట్టాను. దువ్వెన తోకను వాడానే తప్ప పళ్లు తగలనివ్వలేదు.

కొత్త జడలతో వేగడం చంటిపిల్లతో వేగడమే. తడిస్తే విప్పుకుంటాయి, పడుకుంటే నలుగుతాయి, ఎండకు ఉబ్బుతాయి. నూనె ముట్టుకోకూడదు. నూనె పెడితే వెంట్రుకలు జారిపోయి ఒకదాన్నొకటి పట్టుకోవు. కుంకుడు రసాన్ని పాత చీర గుడ్డలో రెండు మార్లు వడగట్టాలి, పిప్పి ఒక్క పలుకు లోపల ఇరికినా ఇక రాదు. తల తడిమీద ఉండగానే ఒక్కో కుదురునూ బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి ఒకే దిక్కుకు తిప్పాలి. ఆత్రంగా పదేపదే తిప్పితే కుదురు సన్నబడి జడ చేతికి ఊడి వస్తుంది. పక్క పక్కవి కలిసిపోకుండా విడదీయాలి. లోపలి దాకా ఎండలో ఆరాలి, లేకపోతే ముక్కవాసన పట్టుకుంటుంది. దిండ్ల మీది నూగు అంటకుండా పడుకునేటప్పుడు సాటిన్ గుడ్డ చుట్టుకోవాలి. ఆ గుడ్డ కోసం నా పెళ్లి లంగా లైనింగు చింపాను.

ఆ పనిలో పడ్డాక నేను లేచి తిరగడం మొదలుపెట్టాను. పొద్దున డాబా మీద ఎండలో కూర్చుని ఒక్కో జడనూ చేత్తో పట్టి చూసుకునేదాన్ని. ఎక్కడ గట్టిపడింది, ఎక్కడ ఇంకా మెత్తగా ఉంది అని. చేతులకు ఒక పని దొరికింది. మొదటి నెలల్లో అవి పొట్టిగా, ఉబ్బి, దిక్కుకొకటిగా నిలబడి నిజంగానే అసహ్యంగా ఉండేవి. అత్తమ్మ నన్ను దుకాణంలో కూర్చోనిచ్చేది కాదు. "గిరాకీ బెదిరి పోతది. లోపటికి పో" అనేది. అప్పటి అత్తమ్మను తలుచుకుంటే ఇప్పుడు నాకు ప్రేమే కలుగుతుంది. తిట్టినా నన్నే తిట్టేది.

అంతా మారింది ఒక శివసత్తి వల్ల. మల్లన్న, ఎల్లమ్మల పేరు మీద ఇల్లిల్లూ తిరిగే ముసలామె. మెడలో గవ్వల దండ, నడుముకు దేవుడి పసుపు సంచి, నెత్తిన నడుము దాకా జడలు. అవి ఆమె కట్టుకున్నవి కావు, వాటంతట అవే కట్టినవి. దుకాణం ముందు నిలబడి బియ్యం అడిగింది. లోపలి నుంచి చేటలో బియ్యం తెచ్చింది నేనే. ఆమె నా నెత్తి వైపు చూసి చేట అందుకోలేదు. చెప్పులు విడిచి, వంగి నా కాళ్లు మొక్కింది.

"అవ్వా, లెవ్వు. ఇవి నేను కట్టుకున్నయ్" అన్నాను.

ఆమె వినలేదు. అత్తమ్మ వైపు తిరిగి అడిగింది, "ఈ బిడ్డకు కడుపు పోయిందా?"

గాజుల దుకాణానికి వచ్చే ప్రతి ఆడదానికీ తెలిసిన సంగతి అది. ఆమెకు తెలియకుండా ఉంటుందా? అత్తమ్మ మాత్రం నోరు తెరిచి ఉండిపోయింది.

"ఎల్లమ్మ తల్లి బిడ్డను తీసుకున్నది. జడలు ఇచ్చింది. ఇగ దువ్వెన పెట్టకుండ్రి, కత్తెర పెట్టకుండ్రి" అని, సంచిలోంచి పసుపు తీసి నా నెత్తి మీద చల్లి వెళ్లిపోయింది. బియ్యం అక్కడే ఉండిపోయింది.

అప్పుడు అత్తమ్మ మొహం చూశాను. ఆ మొహంలో భక్తి తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఊరట. ఎన్నో నెలలుగా మోస్తున్న బరువు ఎవరో వచ్చి దింపినట్టు భుజాలు జారాయి. పిల్ల పోయింది అమావాస్య వల్ల కాదు, తన వల్ల కాదు. దేవత తీసుకుంది. దేవత తీసుకుంటే ఎవరేం చేస్తారు?

నాకు వచ్చిన కోపం ఇంకా చల్లారలేదు. నా పిల్లకు ఎవరో వెల కట్టి, ఈ జడలు ఇచ్చి తీసుకుపోయారట. పిల్ల గుర్తుగా దాచుకున్న వాటినే పిల్లకు బదులు చేసి పెట్టారు.

మర్నాటి నుంచి నేను ఇల్లు ఊడవకూడదు, అంట్లు తోమకూడదు. "తల్లీ, నువ్వు ముట్టకు" అంటూ అత్తమ్మ చీపురు లాక్కునేది. మంగళవారం, శుక్రవారం నా నెత్తిన పసుపు చల్లేది, నేను వారించేలోపే నూనె అద్దేది. నేనేమో వారమంతా కడిగి, వడగట్టి, ఎండబెట్టి కాపాడుకున్న జడల్లోకి ఆమె భక్తి పొడిపొడిగా దిగేది. పసుపు లోపలికి పోతే కడిగినా రాదు. ఒకటి రెండు జడలు నూనెకు జారి విడిపోయాయి. ఒకనాడు తట్టుకోలేక ఫోను తెచ్చి ముందు పెట్టాను.

"చూడు అత్తమ్మా. ఇగో, వీళ్లను చూసి నేర్చుకున్న. దేవుడు లేడు, దయ్యం లేదు. వీడియో చూసి నేనే మెలిపెట్టుకున్న."

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని శ్రద్ధగా చూసింది. తర్వాత ఫోనుకు దండం పెట్టింది.

"గీ ఫోన్ల ఇన్ని ఉంటయ్ గద. నీకు గిదే ఎందుకు కనవడ్డది? ఆమెనే చూపిచ్చింది తల్లీ."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

నాకు ఆమె నుంచి కావలసింది ఒక్క మాట. ఆ రోజు నీ మాట వినాల్సింది బిడ్డా అని. కాళ్లు పట్టుకోమనలేదు, నలుగురిలో ఒప్పుకోమనలేదు. ఇద్దరమే ఉన్నప్పుడు, బియ్యం ఏరుతూనో గాజులు సర్దుతూనో ఒక్కసారి అంటే చాలు. దానికోసం కాచుకుని కూర్చున్నాను. సిగ్గు విడిచి ఒకసారి నేనే ఎత్తాను, "ఆ అమాస నాడు పోయి ఉంటే పిల్ల బతుకుతుండె" అని. ఆమె గబగబా చెంపలేసుకుంది. "అట్లనకు తల్లీ, కండ్లు పోతయ్. ఆమె తీసుకున్నదాన్ని మనమెట్ల ఆపుతం?" అంది.

కత్తిరించేద్దామనుకున్నాను. దుకాణంలో కత్తెరలకు కొదవలేదు. కత్తిరిస్తే దేవతా పోతుంది, పూజా పోతుంది. పిల్ల కూడా పోతుంది. అక్కడ నా చేయి ఆగిపోయేది. మా ఆయనకు చెప్పుకుంటే, "ఉండనియ్ రాదే. నీకేం తక్కువైంది? ఇంట్ల లొల్లి లేదు, అమ్మ నిన్ను నెత్తి మీద పెట్టుకుంటాంది" అన్నాడు. నిజమే, ఇంట్లో అంత శాంతి ఎప్పుడూ లేదు.

మాట పాకిపోయింది. శుక్రవారాలు గాజులకు వచ్చేవాళ్ల కంటే నా కోసం వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. కొబ్బరికాయ, జాకెట్ గుడ్డ, పసుపు పట్టుకుని వచ్చేవాళ్లు. ఎక్కువగా పిల్లలు లేనివాళ్లు, పిల్లలు నిలవనివాళ్లు. పిల్ల పోయిన నన్ను పిల్లలు ఇవ్వమని అడగడానికి వచ్చేవాళ్లు. నేను కుర్చీలో కూర్చుని, "నాకేం తెల్వదక్కా, డాక్టరుకు చూపించుకో" అనేదాన్ని. "అమ్మ పరీక్ష పెడుతాంది" అని అత్తమ్మ వాళ్లకు చెప్పేది. కోపంగా ముఖం తిప్పుకుంటే అది కూడా మహిమే అయ్యేది.

అలా ఒక శుక్రవారం మధ్యాహ్నం హసన్‌పర్తి పక్క పల్లె నుంచి ఇద్దరు వచ్చారు, అత్తాకోడళ్లు. కోడలికి నిండు కడుపు. శ్రీమంతానికి గాజులు తీసుకుని, పనిలో పనిగా నన్ను చూసి పోదామని వచ్చారు. పొలం పనులు చేసే మనుషులు. ఆ అమ్మాయికి ఇరవై ఉంటాయో లేదో. అంతకుముందు రెండు కడుపులు నిలవలేదని వాళ్లత్త చెప్పింది. అమ్మాయి గాజులు వేయించుకుంటూ కూడా చేతుల వైపు చూడటం లేదు. ఒక అరచేయి పొట్ట మీద ఆనించి, ఏదో వింటున్నట్టు కూర్చుంది.

ఆ కూర్చోవడం నాకు తెలుసు.

"బిడ్డ కదులుతాందా?" అని అడిగాను.

ఆమె వాళ్లత్త వైపు చూసి, మెల్లగా అంది, "నిన్న పొద్దుగూకిన సంది కదులుతలేదక్కా."

"నేను చెప్పిన తల్లీ, నెలలు నిండుతాంటే గట్లనే ఉంటదని" అంది వాళ్లత్త. "అయినా దానికి భయం. అందుకే నీ కాడికి తీసుకచ్చిన. నువ్వు జర పసుపు పెట్టి, ఈసారి నిలుస్తదని ఒక్క మాట చెప్పు. సోమవారం దవాఖాన్ల డేటు ఉండనే ఉన్నది."

"సోమవారం కాదు. ఇప్పుడే పొండి. ఇక్కడికెల్లి సీదా దవాఖానకే పొండి."

"పోతం తల్లీ, పోతం. ముందుగాల పసుపు పెట్టు."

"పసుపుతోని ఏం గాదు! నాకు గిట్లనే అయింది. నేను చెప్తే ఎవలు వినలే. నా పిల్ల సచ్చిపోయింది. మీకు దండం పెడుత, పొండి."

వాళ్లత్త భయపడి మా అత్తమ్మ వైపు చూసింది. మా అత్తమ్మ నా మాట సర్దిచెప్పే గొంతుతో, "పిల్ల యాదికచ్చి బాధ పడుతాంది, అంతే. మీరు కూసోండ్రి, గాజులు అన్ని ఎయ్యనియ్యుండ్రి" అంది. అని, నిజంగానే ఇంకో డజను గాజులు చేతిలోకి తీసుకుంది. ఆమె తల ఎత్తని తీరు, ఆ దారం, ఆ గాజుల చప్పుడు, అన్నీ ఆనాటివే.

అప్పుడు నేను జడలను వెనక్కి కట్టుకున్న గుడ్డ లాగి పారేశాను. జడలు మొహం మీద పడ్డాయి. ఒంటి మీదికి దేవత వచ్చినవాళ్లు శిగం ఊగుతూ ఎదుటివాళ్లను బాలా అని పిలవడం జాతరల్లో చూసిందే, నేనెప్పుడూ చేయలేదు. రెండు మార్లు తల విదిలించే వరకే అది నాటకం. తర్వాత గొంతులోంచి వచ్చిన అరుపు నాదే. రెండేళ్ల కింద ఆ మెట్ల మీద నిలబడి అరవాల్సిన అరుపు అది. గాజుల స్టాండు నా చేయి తగిలి పడిపోయింది.

"బాలా! దవాఖానకు పో! ఇంటికి పోకు, గాజులు ఏసుకోకు, ఇప్పుడే పో! పొద్దు గూకితే నీ ఇంట్ల దీపం ఉండది!"

మా అత్తమ్మ పగిలిన గాజుల మీదే సాగిలపడింది. ఆ అమ్మాయి వాళ్లత్త, "పోతాన్నం తల్లీ, పోతాన్నం" అంటూ కోడలి చెయ్యి పట్టి లేపింది. ఆటో కోసం మెట్లు దిగి పరుగెత్తింది మా అత్తమ్మే. చెప్పులు కూడా వేసుకోలేదు. ఆ మోకాళ్ల నొప్పులతో ఆమె అంత వేగంగా పరుగెత్తగలదని నాకు అప్పుడే తెలిసింది. ఆటో కదిలేదాకా నేను జుట్టు విరబోసుకుని నిలబడే ఉన్నాను. తర్వాత లోపలికి పోయి పడుకున్నాను.

పొద్దుగూకకముందే ఫోన్ వచ్చింది. పేగు మెడకు చుట్టుకుందట, ఆపరేషన్ చేసి తీశారట, ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరు అన్నాడట. ఆడపిల్ల. గాజు పెట్టెలో పెట్టారు, బతుకుతుంది. అత్తమ్మ ఫోను పెట్టేసి నా గది గడప దగ్గరే కూర్చుని ఏడ్చింది. లోపలికి రావడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. నేనూ ఏడ్చాను. ఆ పిల్ల బతికినందుకు సంతోషమే. అబద్ధం చెప్పను, సంతోషంతో పాటు కడుపులో మంట కూడా ఉంది. అంత తేలికా? ఒక ఆటో, ఒక గంట, ఇంతేనా కావలసింది?

నెల దాటాక ఆ పిల్లను తీసుకుని ఊరంతా వచ్చినట్టు వచ్చారు. డప్పు కూడా తెచ్చారు. దుకాణం పట్టక జనం రోడ్డు మీద నిలబడ్డారు. పిల్లను నా ఒళ్లో పెట్టారు. బరువు తక్కువ, వేడి ఎక్కువ. పడుకుని ఉన్నదల్లా ఒక కాలు చాపి నా చేతిని తన్నింది. ఒళ్లో పిల్ల తన్నితే ఎలా ఉంటుందో నాకు ఆనాడే తెలిసింది. నెత్తి మీది టోపీ జరిపి చూశాను. నున్నటి, నిటారు జుట్టు. ఎందుకు చూశానో వాళ్లకు తెలియదు. దీవిస్తున్నాననుకుని అందరూ దండం పెట్టారు. తల్లి పిల్లను తీసుకుంటూ, "నీ మాట ఇని బతికిందక్కా" అంది. తల్లీ అనకుండా అక్కా అన్నది ఆమె ఒక్కతే.

"ఒకర్ని తీసుకొని ఎంత మందికి ఇస్తాందో చూసిన్రా" అని అత్తమ్మ వచ్చినవాళ్లకు చెబుతోంది.

అందరూ వెళ్లాక ఇద్దరమే మిగిలాం. దుకాణంలో ఇంకా వెలుతురు ఉంది. అత్తమ్మ కింద కూర్చుని జనం తాకిడికి చెల్లాచెదురైన గాజులు ఏరి డజన్లు కడుతోంది. నేనూ కింద కూర్చోబోతే పీట వేసింది. పీట పక్కకు జరిపి ఆమె ఎదురుగా నేల మీదే కూర్చున్నాను. ఆ ఒక్క మాట ఇవాళైనా వస్తుందనిపించింది. ఒక పిల్ల బతకడం ఆమె కళ్లారా చూసింది. ఎలా బతికిందో కూడా చూసింది.

"అత్తమ్మా, ఒకటి అడుగుత. నిజం చెప్తవా?"

"అడుగు తల్లీ."

"ఆ అమాస నాడు గిట్లనే నీ ముందల కూసోని, బిడ్డ కదులుతలేదు, దవాఖానకు పోదామని చెప్పిన. ఎందుకు తీసుకపోలే?"

ఆమె చేతులు ఆగిపోయాయి. నా నెత్తి వైపే చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పుడంటుంది అనుకున్నాను.

ఆమె దారం కింద పెట్టి, కొంగు భుజాల నిండా కప్పుకుని, రెండు చేతులూ జోడించింది.

"నువ్వు చెప్తే తీసుకపోకుంట ఉందునా తల్లీ? ఆనాడు చెప్పింది మా కోడలు గద."